డాక్ జీతం సంగతి సరే, సంతకం తేదీ చూశారా?

ఫుట్‌బాల్ సీజన్‌లో ఆదివారం మధ్యాహ్నం, అమెరికాలో డాలస్ దగ్గరున్న ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో తెలుగువాళ్లింటికి భోజనానికి వెళ్తే, చాలా ఇళ్లల్లో టీవీలో డాలస్ కౌబాయ్స్ ఆట నడుస్తూ ఉంటుంది. సోఫాలో కూర్చున్నవాళ్లలో కొందరు ఇక్కడికి వచ్చాక ఈ ఆట నేర్చుకున్నవాళ్లు. కింద కార్పెట్ మీద కూర్చున్న పిల్లలు ఇక్కడే పుట్టి, ఈ జట్టు జెర్సీలు వేసుకుని పెరిగినవాళ్లు. జట్టు వెనకబడిందంటే చాలు, మాట ఎప్పుడూ జట్టులో కీలక ఆటగాడు డాక్ ప్రెస్కాట్ జీతం దగ్గరికే వస్తుంది. "ఒక్కడికే ఏడాదికి 60 మిలియన్ డాలర్లు పోస్తే ఇంకెవరిని కొంటారు?" అని పెద్దవాళ్లలో ఒకరు అంటారు. "డాక్ ఏం చేస్తాడు అంకుల్, డిఫెన్స్ చూడండి ఎలా ఉందో" అని ఒక కుర్రాడు గట్టిగా జవాబిస్తాడు. బిర్యానీ చల్లారిపోతుంది కానీ వాదన తెగదు.

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కానీ ఇద్దరూ అసలు లెక్కను పక్కన పెట్టి వాదిస్తున్నారని నాకు గట్టిగా అనిపిస్తుంది. జట్టు మీద ప్రేమ ఉన్నవాళ్లం కాబట్టి, ఆ లెక్క ఒకసారి విప్పి చూసుకుందాం.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్. బంతి చేతిలో ఉన్నప్పుడు ఆడే పదకొండు మంది వేరు, ప్రత్యర్థిని ఆపడానికి దిగే పదకొండు మంది వేరు. మొదటిది అఫెన్స్, రెండోది డిఫెన్స్. నాలుగు ప్రయత్నాల్లో 10 యార్డులు ముందుకు జరిగితే బంతి మన దగ్గరే ఉంటుంది. దాదాపు ప్రతి ప్రయత్నంలోనూ బంతి ముందుగా చేరేది క్వార్టర్‌బ్యాక్ చేతికే. అందుకే ఎన్‌ఎఫ్‌ఎల్ అనే ఈ లీగ్‌లో అన్నిటికన్నా ఖరీదైన ఉద్యోగం అది. కౌబాయ్స్‌కి ఆ ఉద్యోగం చేస్తున్నది డాక్ ప్రెస్కాట్. 2024 సెప్టెంబర్ 8న, సీజన్ మొదటి ఆటకు కొన్ని గంటల ముందు, అతను నాలుగేళ్లకు 24 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. అంటే ఏడాదికి సగటున 6 కోట్లు. ఆ సగటు అందుకున్న మొట్టమొదటి ఆటగాడు అతనే.

ఇప్పుడు శాలరీ క్యాప్. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఉన్న 32 జట్లలో ప్రతి జట్టూ ఆటగాళ్ల మీద ఖర్చు పెట్టగలిగిన మొత్తానికి ఒక గీత ఉంటుంది. లీగ్ ఆదాయంలో కనీసం 48 శాతం ఆటగాళ్లకు చేరాలని 2020లో కుదిరిన ఒప్పందం చెబుతుంది. ఏటా ఈ గీత ఎక్కడ పడాలన్నది ఆ ఆదాయాన్ని బట్టే తేలుతుంది. క్యాప్ మొదలైన 1994లో అది 3.46 కోట్ల డాలర్లు. కోవిడ్ దెబ్బకు 2021లో 18.25 కోట్లకు తగ్గింది. 2024లో 25.54 కోట్లు, 2025లో 27.92 కోట్లు. కౌబాయ్స్ యజమాని జెర్రీ జోన్స్ దగ్గర ఎంత డబ్బున్నా ఈ గీత దాటడానికి వీల్లేదు. "జెర్రీ పిసినారి" అన్న మాట మన గదుల్లో తరచూ వినిపిస్తుంది కానీ, ఇక్కడ కొరత డబ్బుకు కాదు, చోటుకి.

మనవాళ్లకు ఐపీఎల్ వేలంతో పోల్చి చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. 2025 సీజన్ మెగా వేలానికి ఒక్కో జట్టు పర్సు 120 కోట్ల రూపాయలు. రిషభ్ పంత్‌ను లక్నో 27 కోట్లకు కొంది, అంటే పర్సులో 22.5 శాతం. డాక్ 6 కోట్లను 2024 క్యాప్‌తో పోలిస్తే 23.5 శాతం. రెండూ దాదాపు ఒకటే. పెద్ద తేడా మరోచోట ఉంది. క్రికెట్ జట్టులో మైదానంలోకి దిగేది పదకొండు మంది, ఇక్కడ సీజన్‌లో ఉంచుకోవాల్సిన ఆటగాళ్లు 53 మంది. ఐపీఎల్‌లో పంత్‌కి ఇచ్చిన 27 కోట్లూ ఆ ఏడాది పర్సులోంచే పోతాయి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అలా కాదు. గొడవంతా ఇక్కడే మొదలవుతుంది.

డాక్ ఒప్పందంలో సైనింగ్ బోనస్ 8 కోట్ల డాలర్లు. అది అతనికి దక్కే సొమ్ము. కానీ క్యాప్ లెక్కలో దాన్ని ఒకే ఏడాది చూపించక్కర్లేదు, గరిష్ఠంగా అయిదేళ్లకు సమానంగా పంచుకోవచ్చు. 2024 నుంచి 2028 దాకా పంచితే ఏడాదికి 1.6 కోట్లు. అంటే ఆటగాడికి దక్కే జీతం ఒకటి, ఆ ఏడాది క్యాప్ మీద పడే బరువు ఇంకొకటి. టీవీలో కింద తిరిగే "60 మిలియన్లు" అనేది సగటు మాత్రమే. నిజానికి ఆ కొత్త ఒప్పందం వల్ల 2024లో డాక్ పేరున ఉన్న క్యాప్ బరువు 5.5 కోట్ల నుంచి సుమారు 4.3 కోట్లకు తగ్గింది. జీతం పెరిగింది, బరువు తగ్గింది. మొదటిసారి విన్నప్పుడు నాకు ఇదేదో కనికట్టులా అనిపించింది. కానీ మన ఈఎంఐల లెక్కే ఇది.

ఈఎంఐ అన్నాక వాయిదా కూడా ఉంటుంది కదా. ఒక ఆటగాడికి ఈ ఏడాది ఇవ్వాల్సిన జీతంలో పెద్ద భాగాన్ని బోనస్‌గా మార్చి, తర్వాతి ఏళ్లకు పంచేయడాన్ని రీస్ట్రక్చర్ అంటారు. 2025 మార్చిలో కౌబాయ్స్ డాక్‌కీ, రిసీవర్ (పాస్‌లు అందుకునే ఆటగాడు) సీడీ ల్యాంబ్‌కీ ఇలాగే చేసి దాదాపు 5.6 కోట్ల డాలర్ల చోటు సంపాదించారు. మంచిదే. కానీ ఆ బరువు ఎక్కడికీ పోలేదు, ముందు సంవత్సరాల మీద కూర్చుంది. అందుకే కొందరు అభిమానులు దీన్ని అప్పు చేసి పప్పుకూడు అంటారు. ఆ మాట పూర్తిగా న్యాయం కాదని నా అభిప్రాయం. క్యాప్ ఏటా పెరుగుతున్నప్పుడు ఈ ఏటి 6 కోట్ల కన్నా మూడేళ్ల తర్వాతి 6 కోట్లు చిన్నవి. 2024లో 23.5 శాతంగా ఉన్న అదే సగటు 2025 క్యాప్‌లో 21.5 శాతమే.

అయితే ఆటగాడు వెళ్లిపోయినప్పుడు మాత్రం ఇది కుడుతుంది. అప్పటికి లెక్కలోకి రాని మిగతా బోనస్ అంతా అతను లేకపోయినా క్యాప్ మీద పడుతుంది. దాన్నే డెడ్ మనీ అంటారు. కౌబాయ్స్ కథలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టే భాగం ఇదే. 2016 డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) డాక్‌ను నాలుగో రౌండ్‌లో, 135వ ఎంపికగా తీసుకున్నారు. మొదటి ఏడాది అతని మూలవేతనం 4.5 లక్షల డాలర్లు. ఆ ఏడాది జట్టు 13 గెలిచి 3 ఓడింది. ఇంత చవకగా మంచి క్వార్టర్‌బ్యాక్ దొరికితే ఏ జట్టైనా మిగిలిన చోటంతా నింపుకుంటుంది. సియాటిల్ సరిగ్గా అదే చేసింది. మూడో రౌండ్‌లో తీసుకున్న రస్సెల్ విల్సన్ చవక జీతంలో ఉండగానే, 2014 ఫిబ్రవరిలో లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచింది. డాలస్‌లో ఏం జరిగింది? 2017లో పాత క్వార్టర్‌బ్యాక్ టోనీ రోమో రిటైరయ్యాడు. అతని పాత బోనస్‌ల కారణంగా ఆ ఏడాది 1.07 కోట్లు, 2018లో 89 లక్షలు డెడ్ మనీగా పోయాయి. మైదానంలో ఉన్న క్వార్టర్‌బ్యాక్ ఖర్చు కన్నా ఇంట్లో కూర్చున్న క్వార్టర్‌బ్యాక్ ఖర్చు ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ అవకాశం మళ్లీ రాలేదు.

ఇక తేదీల దగ్గరకు వద్దాం. 2019లో డాక్ రూకీ ఒప్పందం (కొత్త ఆటగాడిగా చేసుకున్న మొదటి ఒప్పందం) చివరి ఏడాది. ఆ ఏడాది అదే తరం క్వార్టర్‌బ్యాక్‌లు ఇద్దరు సంతకాలు చేశారు. ఫిలడెల్ఫియాలో కార్సన్ వెంట్జ్ సగటు 3.2 కోట్లు, లాస్ ఏంజెలెస్‌లో జారెడ్ గాఫ్ సగటు 3.35 కోట్లు. అదే ఏడాది కౌబాయ్స్ చేతిలో కలం ఖాళీగా ఏమీ లేదు. బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ ఎజికీల్ ఎలియట్‌కి ఆరేళ్లకు 9 కోట్ల ఒప్పందం రాశారు. డిఫెన్స్‌లో డిమార్కస్ లారెన్స్‌కి అయిదేళ్లకు 10.5 కోట్లు రాశారు. డాక్ విషయంలో మాత్రం మీనమేషాలు లెక్కపెట్టారు. 2020లో, ఆటగాడు వేరే జట్టుకు వెళ్లకుండా ఆపే ఫ్రాంచైజ్ ట్యాగ్ వేసి, ఒక్క ఏడాదికి 3.14 కోట్లిచ్చి ఆపారు. ఆ అక్టోబర్‌లో డాక్ చీలమండ విరిగింది. అయినా ధర తగ్గలేదు. 2021 మార్చిలో నాలుగేళ్లకు 16 కోట్లు, అంటే ఏడాదికి 4 కోట్లు ఇవ్వక తప్పలేదు. కోవిడ్‌తో క్యాప్ కుంచించుకుపోయిన ఏడాదే అది. ఒక్కడి సగటే క్యాప్‌లో 22 శాతం.

పైగా ఆ 2021 ఒప్పందంలో రెండు షరతులు కూడా పెట్టించుకున్నాడు: అతన్ని అతని ఇష్టం లేకుండా వేరే జట్టుకు పంపకూడదు, మళ్లీ ట్యాగ్ వేయకూడదు. అంటే 2024 నాటికి జట్టు చేతిలో బేరమాడటానికి ఏ అస్త్రమూ మిగలలేదు. అందుకే సీజన్ మొదలయ్యే రోజున, గంటలు లెక్కపెట్టుకుంటూ, 6 కోట్లకు సంతకం చేయాల్సి వచ్చింది. ఆలస్యం అమృతం విషం అంటారే, అది ఈ జట్టు ఆఫీసు గోడ మీద రాసి పెట్టుకోవాల్సిన మాట.

ల్యాంబ్ కథా అంతే. 2024 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియా తన ఇద్దరు రిసీవర్లతో, డెవాంటా స్మిత్‌తో 2.5 కోట్ల సగటుకి, ఏజే బ్రౌన్‌తో 3.2 కోట్ల సగటుకి ఒప్పందాలు ముగించేసింది. జూన్‌లో మిన్నెసోటా జస్టిన్ జెఫర్సన్‌కి 3.5 కోట్లిచ్చింది. అప్పుడు మార్కెట్ పైకప్పు లేచిపోయింది. ల్యాంబ్ ట్రైనింగ్ క్యాంప్‌కి రాకుండా పంతం పట్టాడు. చివరికి ఆగస్టు 26న నాలుగేళ్లకు 13.6 కోట్లు, సగటు 3.4 కోట్లు. ఆ ఏడాది జనవరిలో జెర్రీ "ఆల్ ఇన్" అన్నారు. అభిమానులు పెద్ద పెద్ద కొనుగోళ్లు ఉంటాయని ఎదురుచూశారు. వేసవి మొత్తం ఈ రెండు సంతకాల టెన్షన్‌తోనే గడిచిపోయింది.

ఆ ఎదురుచూపుల్లో చేజారినవాళ్లలో డెరిక్ హెన్రీ ఒకడు. రన్నింగ్ బ్యాక్. డాలస్‌లోనే ఇల్లుంది. బాల్టిమోర్ అతన్ని రెండేళ్లకు 1.6 కోట్లకు తీసుకుంది, అంటే ఏడాదికి సగటున 80 లక్షలు. ఆ ఏడాది అతను 1,921 యార్డులు పరిగెత్తాడు. అదే 2024లో కౌబాయ్స్ క్యాప్ మీద, 2023లో వదిలేసిన ఎలియట్ పాత ఒప్పందం తాలూకు డెడ్ మనీ దాదాపు 60 లక్షలు ఉంది. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే, అంకుల్ అడిగిన "ఇంకెవరిని కొంటారు" అన్న ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. హెన్రీ దారికి అడ్డు పడింది డాక్ 6 కోట్లు కాదు. ఆ సంతకం మార్చికి ఇంకా జరగనే లేదు.

మరి అఫెన్స్ సంగతి? కుర్రాడి వాదన ఇది: 2021లోనూ 2023లోనూ లీగ్‌లో అందరికన్నా ఎక్కువ పాయింట్లు చేసిన జట్టు డాలస్. 2021లో 530, 2023లో 509. 2023లో డాక్ 4,516 యార్డులు, 36 టచ్‌డౌన్‌ల (బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించడం) పాస్‌లు వేశాడు. ఎంవీపీ (ఆ ఏటి అత్యుత్తమ ఆటగాడు) ఓటింగ్‌లో రెండో స్థానం. ఇంత చేసిన మనిషిని ఏమనాలి?

ఏమీ అనక్కర్లేదు, కానీ ఆ అంకెలను విడదీసి చూడాలి. 2023లో సొంత మైదానంలో 8 ఆడి 8 గెలిచారు. బయట 9 ఆడి 4 గెలిచారు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి. ప్లేఆఫ్‌లో ఆర్లింగ్టన్‌లోనే, సొంత జనం ముందు, గ్రీన్ బే మీద రెండో క్వార్టర్‌లోనే 27-0 వెనకబడ్డారు. డాక్ వేసిన ఒక పాస్‌ను డార్నెల్ సావేజ్ అందుకుని నేరుగా టచ్‌డౌన్‌కు పరిగెత్తాడు. చివరికి 48-32. ఆట అయ్యాక డాక్ పేరున 403 యార్డులున్నాయి. కాగితం మీద చూస్తే గొప్ప ఆట. చూసినవాళ్లకు తెలుసు, అందులో ఎక్కువ భాగం ఆట చేజారిపోయాక వచ్చినవే. వెనకబడ్డ జట్టు పాస్‌లే వేస్తుంది, ముందున్న జట్టు చిన్న చిన్న లాభాలు వదిలేసి సమయం కరిగిస్తుంది. అప్పుడు యార్డులు పెరుగుతాయి. గెలుపు మాత్రం రాదు.

సన్‌రైజర్స్ హైదరాబాద్ అభిమానులకు ఈ నొప్పి విడమర్చి చెప్పక్కర్లేదు. 2024లో బెంగళూరు మీద 287 కొట్టిన జట్టు, అదే ఏడాది ఫైనల్లో 113కి ఆలౌటయింది. 2025లో మొదటి ఆటలోనే 286 కొట్టి, ఆరో స్థానంలో ఆగిపోయింది.

అఫెన్స్ ఇంత మంచిదైనా ఎందుకు నిలబడలేదంటే, నా దృష్టిలో సమాధానం ఖరీదైన ఆటగాళ్లలో లేదు, చవక ఆటగాళ్లలో ఉంది. ఒక్క క్వార్టర్‌బ్యాక్ అయిదో వంతు తీసుకుంటే, మిగిలిన 52 మందిలో చాలామంది రూకీ ఒప్పందాల మీద ఉండాలి, వాళ్లు గట్టిగా ఆడాలి. 2011 నుంచి రూకీల జీతాలకు నిర్ణీత స్కేలు ఉంది, నాలుగేళ్లు చవకగా దొరుకుతారు. ఫిలడెల్ఫియా చూడండి. జేలెన్ హర్ట్స్‌కి 2023 ఏప్రిల్‌లోనే, అతని రూకీ ఒప్పందంలో ఇంకా ఒక ఏడాది ఉండగానే, అయిదేళ్లకు 25.5 కోట్లు రాసేశారు. బోనస్‌లను ముందుకు పంచడంతో 2024లో అతని క్యాప్ బరువు కోటిన్నర లోపే. ఆ మిగులుతో సేక్వాన్ బార్క్లీని తెచ్చుకున్నారు. అతను 2,005 యార్డులు పరిగెత్తాడు. డిఫెన్స్‌లో క్విన్యాన్ మిచెల్, కూపర్ డీజీన్ అనే ఇద్దరు మొదటి ఏడాది కుర్రాళ్లు ఆడారు. 2025 ఫిబ్రవరిలో కాన్సాస్ సిటీని 40-22తో ఓడించిన సూపర్ బౌల్‌లో, డీజీన్ ప్రత్యర్థి పాస్ పట్టుకుని టచ్‌డౌన్ చేశాడు. అదే సమయంలో డాలస్ 2023 మొదటి రౌండ్‌లో తీసుకున్న మేజీ స్మిత్, రెండున్నరేళ్లలోనే వేరే జట్టుకు చేసిన మార్పిడిలో ఒక భాగంగా వెళ్లిపోయాడు.

ఇప్పుడు మైకా పార్సన్స్. 2021లో 12వ ఎంపికగా వచ్చిన ఈ డిఫెన్స్ ఆటగాడి ధర ఎలా ఎక్కిందో చూస్తే ఆలస్యం అంటే ఏమిటో తెలుస్తుంది. 2023 సెప్టెంబర్‌లో ఆ పొజిషన్‌లో అత్యధికం నిక్ బోసా, 3.4 కోట్లు. 2025 మార్చిలో మాక్స్ క్రాస్బీ 3.55, కొద్ది రోజులకే మైల్స్ గ్యారెట్ 4. జులైలో టీజే వాట్ 4.1. ఒక్కో సంతకం పార్సన్స్ ధరకు ఒక్కో మెట్టు. ఆ వసంతంలో జెర్రీ, ఏజెంట్‌ను పక్కనపెట్టి, నేరుగా పార్సన్స్‌తో మాట్లాడి ఒప్పందం అయిపోయిందనుకున్నారు. అలా కాలేదు. ఆగస్టు 28న, సీజన్‌కి వారం ముందు, అతన్ని గ్రీన్ బేకి పంపేశారు. బదులుగా రెండు మొదటి రౌండ్ ఎంపికలు, కెన్నీ క్లార్క్ వచ్చారు. గ్రీన్ బే నాలుగేళ్లకు 18.8 కోట్లు, ఏడాదికి 4.7 కోట్లు ఇచ్చింది.

దీన్ని సమర్థించేవాళ్ల లెక్క తప్పని అనలేను. డాక్ 6, పార్సన్స్ 4.7, ల్యాంబ్ 3.4 సగటులు కలిపితే 14.1 కోట్లు, 2025 క్యాప్‌లో సగం. ముగ్గురి మీద సగం పెట్టి మిగిలిన యాభై మందిని మిగతా సగంతో నడపడం కష్టం. డిసెంబర్‌లో పార్సన్స్ మోకాలికి పెద్ద గాయమైంది కూడా. కానీ అతన్ని అమ్మాలనుకుంటే మార్చిలో అమ్మాల్సింది. అప్పుడు ఒప్పందం అయిపోయిన ఆటగాళ్లను తెచ్చుకునే ఫ్రీ ఏజెన్సీ ఉంది, డ్రాఫ్ట్ ఉంది, డిఫెన్స్‌ను మళ్లీ కట్టుకునే సమయం ఉంది. ఆగస్టు 28న అమ్మితే చేతికి వచ్చేవి తర్వాతి ఏళ్ల ఎంపికలు, ఎదురుగా ఉన్నది వారంలో మొదలయ్యే ఆట.

ఆ తప్పు ఖరీదు సెప్టెంబర్ 28న ఆర్లింగ్టన్‌లోనే కనిపించింది. పార్సన్స్ గ్రీన్ బే జెర్సీలో తిరిగొచ్చాడు. డాక్ అఫెన్స్ 40 పాయింట్లు చేసింది. అదనపు సమయం కూడా అయిపోయాక స్కోరు 40-40. సోఫాలో పెద్దాయనా, కార్పెట్ మీద కుర్రాడూ ఒకేసారి నోరు మూసుకున్న రాత్రి అది.

ఆ సీజన్ డాలస్‌కి 7 గెలుపులు, 9 ఓటములు, ఆ ఒక్క టై. డాక్ 4,500 యార్డులు దాటాడు. మే నెలలో పిట్స్‌బర్గ్ నుంచి తెచ్చుకున్న జార్జ్ పికెన్స్ 1,429 యార్డులు అందుకున్నాడు. అతను ఆడింది రూకీ ఒప్పందం చివరి ఏడాది జీతానికి, అంటే 40 లక్షల డాలర్ల లోపే. మంచి ఆటగాడని తెలిసే తెచ్చుకున్నారు. ఒప్పందం ఏడాదిలో అయిపోతుందనీ తెలుసు. వచ్చిన నాటి నుంచి సీజన్ చివరి ఆట దాకా, కొత్త ఒప్పందం మీద సంతకం పడలేదు.